143 బైట్ల మహాశయా, మీకో దండం

శ్రీ ఈక్రిప్ట్‌ఎఫ్‌ఎస్ గారికి,

నమస్కారం. పేరు ముందు 'శ్రీ' పెట్టినందుకే 12 బైట్లు ఖర్చయ్యాయి. కాబట్టి బిరుదులూ గట్రా లేకుండా విషయానికి వస్తాను.

మొన్న ఆదివారం మా నాన్న స్కాన్ చేసిన పొలం కాగితాలు మీ కాపలాలో పెడదామని కూర్చున్నాను. లినక్స్‌లో ఫైళ్లనీ, వాటి పేర్లనీ గుప్తం చేసి దాచడమే కదా మీ పని. ఆయన ఫైలుకి పేరు పెడితే ఇక తెరిచి చూడాల్సిన పనుండదు. 'తాతయ్య గారి పొలం పట్టాదారు పాసుపుస్తకం రెండో పేజీ స్కాన్'. పీడీఎఫ్ తోకతో కలిపి 158 బైట్లు. మామూలు ఈఎక్స్‌టీ4 పద్ధతి (లినక్స్ డిస్కులో ఫైళ్లు సర్దేది) పేరు 255 బైట్ల దాకా ఉన్నా కిక్కురుమనదు. మీరు మాత్రం 'ఫైల్ నేమ్ టూ లాంగ్' అంటూ గుమ్మంలోనే ఆపేశారు. ఎంత లాంగో చెప్పరు. ఎక్కడికి కత్తిరించాలో చెప్పరు. 'స్కాన్' తీసేస్తే 139 అయింది, వెంటనే దారిచ్చారు. తర్వాతి ఫైలు దగ్గర మళ్లీ అదే పంచాయితీ. మధ్యాహ్నం మొత్తం పోయింది.

తీరా వెతికితే మీ హద్దు 143 అట. మా కాలేజీ రోజుల్లో 143 అంటే 'ఐ లవ్ యూ' లెండి.

ఇంగ్లీషులో పేరు పెట్టేవాళ్లకి 143 అంటే 143 అక్షరాలు, హాయిగా సరిపోతాయి. కంప్యూటర్ అక్షరాలని బైట్లుగా దాచుకునే యూటీఎఫ్-8 పద్ధతిలో మన గుణింతం గుర్తూ, పొల్లూ, సున్నా కూడా ఒక్కోటీ 3 బైట్లు తింటాయి. అంటే మాకు దక్కేవి 47 గుర్తులు. 'స్త్రీ' అని ఒక్క అక్షరం రాస్తేనే ఆరు గుర్తులు, 18 బైట్లు! మరి 255లో మిగతా 112 బైట్లు ఏం చేస్తున్నారు? గుప్తం చేసిన పేరు ఉబ్బుతుంది, ఒప్పుకుంటాను. గజిబిజి బైట్లని మళ్లీ రాయదగిన అక్షరాలుగా మార్చాలి, మూడు కాస్తా నాలుగవుతాయి. సరే. కానీ ప్రతి పేరు ముందూ 'ఈక్రిప్ట్‌ఎఫ్‌ఎస్' అని మొదలయ్యే 24 బైట్ల బోర్డు ఎందుకండీ? బీరువాకి 'బంగారం ఇందులోనే' అని చీటీ అంటించినట్టు!

మిమ్మల్ని ఏ ప్రోగ్రామింగ్ భాషలో రాశారన్న గొడవ నాకొద్దు. మీరు సీ భాషలో పుట్టి, లినక్స్ గుండెకాయ కెర్నెల్ లోపల కూర్చున్నారు. మీ పనే చేసే గోక్రిప్ట్‌ఎఫ్‌ఎస్ గో భాషలో రాసింది, కెర్నెల్ బయట ఉండి పనిచెయ్యనిచ్చే ఫ్యూజ్ మీద నడుస్తుంది. రస్ట్‌లో రాయకపోతే మహాపాపం అనేవాళ్లు ఇంకోపక్క. ఇన్ని వాదనల్లో, ఫైళ్లకి పేర్లు పెట్టేవాళ్లు ఏ భాషవాళ్లో ఎవరైనా అడిగారా? గోక్రిప్ట్‌ఎఫ్‌ఎస్ పొడుగు పేరు తగిలితే దాన్ని పక్కనే వేరే చిన్న ఫైల్లో దాచి, 255 బైట్లూ వాడుకోనిస్తుంది. అది గో మహిమేం కాదు, సీలోనూ చెయ్యొచ్చు. ఎవరో కాస్త కూర్చుని ఆలోచించారు, అంతే.

నువ్వు ఆలోచించలేదు. పోనీ, చెప్పనైనా చెప్పలేదు! ఇన్‌స్టాల్ చేసేటప్పుడు నా ఫైళ్లుండే హోమ్ ఫోల్డర్ ఎన్‌క్రిప్ట్ చెయ్యమంటావా అని ముద్దుగా ఓ టిక్కు గడి చూపించావు. తర్వాత 32 అక్షరాల పాస్‌ఫ్రేజ్ చేతిలో పెట్టి, రాసి దాచుకోమన్నావు. ఆ పక్కనే '143 దాటితే రానివ్వను' అని ఓ ముక్క రాస్తే నీ సొమ్మేం పోయేది? 2018లో నేను వాడే లినక్స్ రకం ఉబుంటు 18.04 ఇన్‌స్టాలర్ నుంచి నిన్ను తీసేసినప్పుడు కూడా, పాతవాడివి కదా అని అట్టేపెట్టుకున్నాను చూడు, నన్ను నేను తిట్టుకోవాలి.

పొలం కాగితాలు గోక్రిప్ట్‌ఎఫ్‌ఎస్‌కి మార్చేస్తున్నాను. జీతం స్లిప్పులు మాత్రం నీ దగ్గరే ఉంటాయి. వాటివి పొట్టి ఇంగ్లీషు పేర్లు, ఇన్నేళ్లూ ఒక్కటి కూడా చెడగొట్టకుండా కాపాడావు. అది కాదనను.

ఇట్లు,
నీ పాత వాడుకదారు