మంత్రి లేని ఆరోగ్యశాఖ

2019 డిసెంబరు 18న యునైటెడ్ కింగ్‌డమ్ (యూకే)లో భాగమైన ఉత్తర ఐర్లాండ్‌లో నర్సులు విధులు ఆపి ఆసుపత్రుల గేట్ల ముందు నిలబడ్డారు. నర్సుల సంఘమైన రాయల్ కాలేజ్ ఆఫ్ నర్సింగ్ నూరేళ్లు దాటిన చరిత్రలో అదే మొదటి సమ్మె. ఇంగ్లండ్ నర్సులతో సమానంగా జీతం ఇవ్వాలని, ఖాళీలు నింపాలని వారు అడిగారు. న్యాయమైన కోరికే. కానీ ఒప్పుకోవడానికైనా, కాదనడానికైనా ఆ ప్రాంతానికి దాదాపు మూడేళ్లుగా ఆరోగ్యమంత్రే లేడు.

ఉత్తర ఐర్లాండ్ జనాభా సుమారు 19 లక్షలు. ఆంధ్రప్రదేశ్‌లో ఒక జిల్లా అంత. అక్కడి ప్రభుత్వ బడ్జెట్‌లో దాదాపు సగం ఒక్క ఆరోగ్యశాఖకే పోతుంది. అంతటి శాఖ 1998 శాంతి ఒప్పందం తర్వాత పదేపదే అనాథ అయింది. బ్రిటన్‌తో ఉండాలనే వర్గం, ఐర్లాండ్‌లో కలవాలనే వర్గం కలిసి ఏలాలన్నది ఆ ఒప్పందం. ప్రథమ మంత్రి, ఉప ప్రథమ మంత్రి పదవులు జంట పదవులు. ఒకరు తప్పుకుంటే రెండోవారి పదవీ పోతుంది. 2017లో ప్రభుత్వాన్ని కూల్చింది ఒక ఇంధన సబ్సిడీ పథకంలో జరిగిన దుబారా. 2022లో కూల్చింది బ్రెగ్జిట్ తర్వాతి వాణిజ్య నిబంధనల గొడవ. రెండింటిలో దేనికీ ఆసుపత్రులతో సంబంధం లేదు.

మన దగ్గర ప్రభుత్వం పోతే రాష్ట్రపతి పాలన వస్తుంది, గవర్నర్ సంతకానికి విలువ ఉంటుంది. 2014లో ఉమ్మడి రాష్ట్రంలో చూశాం. 2017లో అక్కడ అదీ రాలేదు. లండన్ నేరుగా పాలన చేపట్టలేదు, ఫైళ్లన్నీ అధికారుల మీద పడ్డాయి. మంత్రి లేకుండా పెద్ద నిర్ణయాలు తీసుకునే అధికారం వారికి లేదని 2018లో అక్కడి రాజధాని బెల్‌ఫాస్ట్‌లోని కోర్టులు ఒక చెత్త దహన కేంద్రం కేసులో తేల్చాయి. ఆ తర్వాత లండన్‌లోని పార్లమెంటు చట్టం చేసి కొంత వెసులుబాటు ఇచ్చినా జీతాల చిక్కు వీడలేదు. 2020 జనవరిలో ప్రభుత్వం తిరిగి కొలువుదీరాకే ఇంగ్లండ్‌తో సమాన వేతనం దక్కింది.

లండన్ చేతిలో ఉంటేనే నయం కదా అనేవారూ ఉన్నారు. వారి మాటలో కొంత నిజం లేకపోలేదు. ఆసుపత్రి వైద్యాన్నీ, వృద్ధులకూ వికలాంగులకూ ఇంటి దగ్గర అందే సంరక్షణనూ 1973లోనే ఒకే వ్యవస్థ కిందికి తెచ్చింది లండన్ నేరుగా ఏలిన కాలంలోనే. కానీ ఆ లండన్ మంత్రిని ఓడించే ఓటు బెల్‌ఫాస్ట్ రోగి చేతిలో లేదు. ఇంగ్లండ్‌లో నేటికీ చాలామంది మందుల చీటీకి రుసుము కడుతుంటే, ఉత్తర ఐర్లాండ్‌లో 2010 ఏప్రిల్‌లో అది రద్దయింది. ఆ నిర్ణయం స్థానిక మంత్రిది.

ఏం చేయాలో తెలియక ఆగిన శాఖ కాదిది. ఆరోగ్యసేవలను సమీక్షించి 2001లో హేస్, 2011లో కాంప్టన్, 2014లో డొనాల్డ్‌సన్, 2016లో బెంగోవా వరసగా నివేదికలు ఇచ్చారు. ఇంత తక్కువ జనాభాకు అన్ని పెద్ద ఆసుపత్రులను పలుచగా నడపడం రోగులకే ప్రమాదమన్న మాట వాటిలో మళ్లీ మళ్లీ వినిపిస్తుంది. 2016 అక్టోబరులో అప్పటి మంత్రి మిషెల్ ఓనీల్ పదేళ్ల ప్రణాళిక ప్రకటించారు. మూడు నెలలకే ప్రభుత్వం కూలింది. తమ ఊరి ఆసుపత్రిలో ఒక విభాగం మూసి పొరుగు ఊరికి తరలిస్తామంటే జనం తిరగబడతారు. వారి మధ్యకు వెళ్లి నచ్చజెప్పగలిగేది ఓట్లు అడిగి గెలిచిన మనిషే. కార్యదర్శి వల్ల అయ్యే పని కాదది. యూకే మొత్తంలో వైద్యం కోసం అతి దీర్ఘంగా వేచి ఉండాల్సిన దుస్థితి ఉత్తర ఐర్లాండ్ ప్రజలదే కావడానికి ఈ ఖాళీ కుర్చీ కూడా ఒక కారణమని మేం నమ్ముతున్నాం.

అవయవదానం చట్టం సంగతి మరీ బాధాకరం. కాదని చెప్పనివారందరినీ దాతలుగా భావించే ఆ చట్టాన్ని శాసనసభ 2022 ఫిబ్రవరిలో ఆమోదించింది. అమలుకు నిబంధనలు కావాలి. అవి ఆమోదం పొందాలంటే సభ కూర్చోవాలి, సభకు ముందు స్పీకర్ ఉండాలి. ఆ స్పీకర్ ఎన్నికే జరగనివ్వలేదు. గుండె మార్పిడి కోసం ఎదురుచూస్తున్న ఒక పసివాడి కుటుంబం తలుపు తలుపూ తట్టింది. చివరికి పార్లమెంటు కల్పించుకోవడంతో 2023 జూన్ 1న చట్టం అమలులోకి వచ్చింది.

ప్రభుత్వం పడిపోయినా మంత్రులు కొన్నాళ్లు కొనసాగేలా 2022లో చట్టం సవరించారు. ఆ గడువు అదే ఏడాది అక్టోబరులో తీరిపోయింది, కుర్చీ మళ్లీ 2024 ఫిబ్రవరి దాకా ఖాళీ. అందుకే ఆరోగ్యశాఖ వరకైనా గడువు ఎత్తివేయాలి. కొత్త మంత్రి వచ్చేదాకా పాత మంత్రి పూర్తి అధికారాలతో, శాసనసభ్యులకు జవాబుదారీగా కొనసాగాలి. ప్రథమ మంత్రి రాజీనామా కారణంగా ఆరోగ్యమంత్రి కుర్చీ ఖాళీ అయ్యే పరిస్థితి ఉండకూడదు. 2027 మేలో జరగాల్సిన ఎన్నికలకు ముందే, ఎవరు గెలుస్తారో తెలియని ఈ సమయంలోనే, పార్టీలన్నీ దీనికి ఒప్పుకోవాలి.