కార్డు ఒకటే, చేరుకునే వీధి ఒకటి కాదు

ఆరోగ్యశ్రీ వచ్చాక ఆసుపత్రిలో పేదా గొప్పా తేడా లేదట. అందరికీ అదే మంచం, అదే మందు, అదే డాక్టరట. అయినా కొట్టాల నుంచి వచ్చినవాళ్లే కోలుకోక మళ్లీ మళ్లీ చేరుతున్నారంటే అది వాళ్ల నిర్లక్ష్యం, తాగుడు తప్ప మరేం కాదట. ఈ మాట కర్నూలు వాట్సాప్ గ్రూపుల్లో తెగ తిరుగుతోంది. పెద్దాసుపత్రిలో, అంటే కర్నూలు ప్రభుత్వాసుపత్రిలో, చావులు ఎక్కువ కాబట్టి అక్కడ వైద్యం బాగోదన్న మాటను కూడా దానికి తగిలించారు. చదువుకున్నవాళ్లే దీన్ని పంపుతున్నారు కాబట్టి ఒక్కో ముక్కకూ జవాబు చెప్పాలి.

ముందు కార్డు సంగతి. ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్‌లో మొదలైన మూడు జిల్లాల్లో మన పక్కనున్న అనంతపురం ఒకటి. ఆ పథకం ఎన్ని ఇళ్లను అప్పుల పాలు కాకుండా కాపాడిందో సీమలో ఎవర్నడిగినా చెబుతారు. కానీ అది కట్టేది ఆపరేషన్ బిల్లు. పోయిన కూలి కట్టదు, తోడుగా వచ్చిన మనిషి కూలీ కట్టదు. ఈ లోటు ప్రభుత్వానికీ తెలుసు. అందుకే 2019 చివర్లో ఆరోగ్య ఆసరా పేరుతో, ఆపరేషన్ అయ్యాక విశ్రాంతి తీసుకునే కాలానికి రోజుకు 225 రూపాయలు, నెలకు 5,000 మించకుండా ఇవ్వడం మొదలుపెట్టారు. ఉచిత వైద్యంతోనే తేడా పోయుంటే ఆ డబ్బు అవసరమే ఉండేది కాదు.

జబ్బు ముదరబెట్టుకుని వస్తారు, అది నిర్లక్ష్యం కాదా అంటారు. పక్షవాతం వచ్చినప్పుడు రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల్లోపే పడాలి. అంతకంటే ముందు తలకు సీటీ స్కాన్ తీయాలి. ఆదోని నుంచి కర్నూలుకు దాదాపు 100 కిలోమీటర్లు, కోసిగి వైపు పల్లెలకు ఇంకా దూరం. పైగా ఆ ప్రాంతంలో సుగ్గికి, అంటే కూలి పనులకు వలస, పోయే నెలల్లో చాలా ఇళ్లలో ముసలివాళ్లు, పిల్లలే ఉంటారు. మూతి వంకర పోయిందని గుర్తుపట్టి 108కు ఫోన్ చేసే మనిషి గుంటూరు మిరప చేలల్లో ఉంటే, ఆలస్యానికి ఆ ముసలాయన్ను తప్పుపట్టడం అన్యాయం.

ఇక నాకు ఎక్కువ బాధ కలిగించేది, ఇంటికి పోయాక మందులు వాడరు, జాగ్రత్తలు పాటించరు అన్న మాట. నాకు తెలిసిన ఒక బేల్దారి పని చేసే ఆయనకు షుగర్ వల్ల కాలి వేలు తీసేశారు. ఆపరేషన్ బాగా చేశారు, డబ్బు ఒక్క రూపాయి అడగలేదు. డిశ్చార్జి కాగితం మీద కాలు తడవకూడదు, నేలకు ఆనించకూడదు, రోజూ డ్రెస్సింగ్ చేయించుకోవాలి, ఇన్సులిన్ చల్లగా ఉంచాలి అని రాశారు. ఆయనది రేకుల గది. మరుగుదొడ్డి నాలుగిళ్లకు కలిపి వీధి చివర ఉంది. అక్కడికి పోవాలంటే మురుగు పొంగే సందులోంచి నడవాలి. ఆ కాలితో ఎట్లా పోతాడు? ఇంట్లో ఫ్రిజ్ లేదు. మే నెలలో రేకుల కింద ఎంత వేడి ఉంటుందో కర్నూలు వాళ్లకు చెప్పక్కర్లేదు. ఆయన భార్య ఇన్సులిన్ సీసాను చిన్న డబ్బాలో పెట్టి, ఆ డబ్బాను నీళ్లు పోసిన కుండలో ఉంచి, పైన తడిగుడ్డ కప్పేది. ఇంత శ్రద్ధను నిర్లక్ష్యం అనడానికి నోరెట్లా వస్తుంది? డ్రెస్సింగ్‌కు తీసుకుపోవాలంటే ఆమె పని మానుకోవాలి. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు బస్సు ఉచితమైంది, మంచిదే, కానీ ఆరోజు కూలి ఎవరిస్తారు? జొన్నరొట్టె తినమన్నారు. ఇంట్లో ఉన్నది రేషన్ బియ్యం, జొన్నలు కొనుక్కోవాలి. పుండు మళ్లీ చీము పట్టింది, ఆయన మళ్లీ చేరాడు.

తాగేవాళ్లు లేరని నేను అనను. అన్ని కాలనీల్లోనూ ఉన్నారు. కానీ అలవాట్లే మొత్తం కారణం కాదని తేల్చిన లెక్కలున్నాయి. అవి అమెరికావి, మన జిల్లావి కావు. అయినా చూడదగ్గవి. 2014లో అచ్చయిన ఒక పెద్ద అధ్యయనంలో గుండె వైఫల్యం, గుండెపోటు, న్యుమోనియాతో చేరిన మెడికేర్ (ముఖ్యంగా ముసలివాళ్లకు అక్కడి ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా) రోగులను పరిశీలించారు. ఎక్కువ ప్రాంతాల్లో నెలలోపు మళ్లీ చేరినవాళ్లు సగటున 21 శాతం. బాగా వెనుకబడిన 15 శాతం ప్రాంతాల్లో మాత్రం వెనుకబాటు పెరిగేకొద్దీ అది 22 నుంచి 27 శాతానికి పెరిగింది. జబ్బు తీవ్రత, రోగి వివరాలు, ఆసుపత్రి తేడాలు లెక్కలోకి తీసుకున్నాక కూడా వీధి ప్రభావం మిగిలింది. దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు ఎంత ముప్పో, అలాంటి చోట ఉండటం దాదాపు అంత ముప్పు.

అంతకన్నా గట్టి రుజువు ఇంకొకటి ఉంది. 1994 నుంచి 1998 వరకు అక్కడి 5 నగరాల్లో పేద కుటుంబాలకు లాటరీ తీసి, పేదరికం తక్కువున్న ప్రాంతాలకు మారడానికి అద్దె సాయం ఇచ్చారు. పదేళ్లు దాటాక చూస్తే, ఆ సాయం అందిన ఆడవాళ్లలో తీవ్రమైన ఊబకాయం, షుగర్ తక్కువగా కనిపించాయి. ఎవరికి సాయం అందాలో చీటీ తేల్చింది, వాళ్ల మంచితనమో క్రమశిక్షణో కాదు.

పెద్దాసుపత్రి చావుల మాటకు ఎక్కువ చెప్పనక్కర్లేదు. ప్రైవేటులో డబ్బులైపోయాక చివరి గడియలో తెచ్చేది అక్కడికే. అలంపూర్, గద్వాల నుంచి, బళ్లారి వైపు నుంచి కూడా వస్తారు. ఎవరు, ఏ స్థితిలో వచ్చారో చూడకుండా రెండు ఆసుపత్రుల చావులు పోల్చితే లెక్క తప్పుతుంది. అమెరికాలో 2012 నుంచి మళ్లీ చేరేవాళ్లు ఎక్కువున్న ఆసుపత్రులకు మెడికేర్ ఇచ్చే డబ్బులో కోత పెట్టారు. పేదలను చూసే ఆసుపత్రులకే దెబ్బ ఎక్కువ తగులుతోందని గమనించి, 2016లో చట్టం మార్చారు. పేద రోగులు దాదాపు అంతే ఉన్న ఆసుపత్రులతోనే పోల్చాలన్నారు.

మన దగ్గర చేయగలిగింది ఉంది. డిశ్చార్జి రాసేటప్పుడు ఇంట్లో ఫ్రిజ్ ఉందా, మరుగుదొడ్డి ఎక్కడ, డ్రెస్సింగ్‌కు ఎవరు తీసుకొస్తారు అని మూడు ప్రశ్నలు అడగాలి. గ్రామ, వార్డు సచివాలయాల్లో ఏఎన్ఎం (ఆరోగ్య కార్యకర్త) ఉంటారు. ఆ కాగితం కాపీ ఒకటి, రోగి ఇల్లు చేరేలోపే ఆమె ఫోన్‌కు చేరాలి.