బేరం తెలియని ఆడవాళ్లు

విశాఖ ఆడవాళ్లకు బేరమాడటం రాదని మన ఆఫీసు పెద్దలు కనిపెట్టారు. ఒకే పని చేసే ఇద్దరిలో ఆవిడ జీతం ఆయన జీతం కంటే ఎందుకు తక్కువని ఎవరో అడిగితే, గడ్డం నిమురుకుని, "వాళ్లు అడగరండీ" అని తేల్చేశారు. ఇంత పెద్ద చిక్కుముడిని పైసా ఖర్చు లేకుండా విప్పినవాళ్లను అభినందించకుండా ముందుకు పోవడం మర్యాద కాదు.

ఈ పరిశోధన ఐటీ ఆఫీసులుండే రుషికొండ మీద ఏసీ గదిలో జరగడం మంచిదైంది. తెల్లవారుజామున ఫిషింగ్ హార్బర్‌కి దిగి ఉంటే ఫలితాలు తారుమారయ్యేవి. అక్కడ పడవలు ఒడ్డుకి చేరి వేలంపాట మొదలయ్యేసరికి, గంప పక్కన పెట్టుకుని నిలబడ్డ ఆడవాళ్లు ఐసు ఖర్చు, పూర్ణా మార్కెట్ దాకా ఆటో కిరాయి, ఇవాళ శనివారమా కాదా, కార్తీకం ఇంకెన్నాళ్లుంది, అన్నీ మనసులోనే లెక్క కట్టేసి ఉంటారు. వంజరాన్ని సగం ధరకి అడిగిన పెద్దమనిషికి "ఏటి బాబూ, సేప కావాలా, సేప బొమ్మ కావాలా?" అని జవాబు వస్తుంది. ఆయన మారు మాట్లాడకుండా పర్సు తీస్తాడు.

ఆ చేపలమ్మే ఆవిడ కూతురే డిగ్రీ చదివి, కొండెక్కి, మెడలో ఐడీ కార్డు వేసుకోగానే మూడు తరాల విద్య లిఫ్టులోనే ఆవిరైపోతుందట. కనుక శిక్షణ అవసరం. మార్చి 8 దగ్గరపడగానే బీచ్‌రోడ్డు హోటల్లో ఒక పూట తరగతి పెడతారు. చెప్పేది తరచూ ఒక మాస్టారే. నిటారుగా కూర్చోండి, కళ్లలోకి చూడండి, ప్రతిదానికీ సారీ అనకండి, నవ్వండి కానీ మరీ ఎక్కువ నవ్వకండి. సాయంత్రానికి ఒక గులాబీ, ఒక సర్టిఫికెట్, ఒక గ్రూప్ ఫోటో. ఏప్రిల్లో ఇంక్రిమెంట్ల మాట వస్తుంది. మార్చిలో నేర్చుకున్నది ఏప్రిల్లో ప్రయోగించిన అమ్మాయి గురించి మే నాటికి క్యాంటీన్‌లో "పనిమంతురాలే కానీ నోరెక్కువ" అని అనుకుంటూ ఉంటారు.

ఇందులో మన మేనేజర్లను తప్పుపట్టడానికి లేదు. 2007లో బౌల్స్, బాబ్‌కాక్, లై అనే పరిశోధకులు అమెరికాలో ప్రయోగాలు చేసి చూశారు. జీతం పెంచమని అడిగిన మగవాళ్ల కంటే, అదే మాట అడిగిన ఆడవాళ్ల మీదే అవతలివాళ్లకు ఎక్కువ విముఖత కలిగింది. అంటే మనవాళ్లు పాటిస్తున్నవి అంతర్జాతీయ ప్రమాణాలు. అడగకపోతే "అడగలేదు కదా" అంటారు, అడిగితే "అడిగేసింది చూశావా" అంటారు. జీతం మాత్రం కదలదు.

నాకున్న చిన్న సందేహమల్లా ఒకటే. హార్బర్‌లో ధర పదిమందికీ వినపడేలా పాడతారు. ఎవరు ఎంతకి కొన్నారో కాకులకు కూడా తెలుసు. ఆఫీసులో చేరిన రోజే, జీతం సంగతి తోటివారితో మాట్లాడకూడదని సంతకం పెట్టించుకుంటారు. పక్క సీటాయన రేటు చెప్పకుండా, "నీ రేటెంతో ధైర్యంగా చెప్పమ్మా" అని ప్రోత్సహిస్తారు. ఆమె ఏదో ఒక అంకె చెబుతుంది. అది తక్కువైతే వెంటనే ఒప్పుకుంటారు. ఎక్కువైతే పాత కంపెనీ పే స్లిప్ తెమ్మంటారు, దాని మీద ఇంత శాతం అంటారు. మొదటి ఉద్యోగంలో తగ్గిన నాలుగు వేలు అలా కంపెనీ కంపెనీకీ ఆవిడ వెంటే నడుస్తాయి. "పోయినసారి ఎంతకమ్మావో రశీదు చూపించు, దాని మీద పది శాతం వేస్తాను" అని వంజరం దగ్గర అని చూడండి. ఆ తర్వాత జరిగేదానికి నేను బాధ్యుణ్ణి కాను.

కుటుంబ పరిస్థితుల విషయంలోనూ యాజమాన్యాలది చల్లని చూపు. "మీ ఆయన పోర్టులో కదమ్మా, మీకేం లోటు?" అని ఆప్యాయంగా అడుగుతారు. "మీ ఆవిడ బ్యాంకులో కదండీ, మీకెందుకు ఇంక్రిమెంటు?" అని మగాయన్ని అడిగిన మేనేజరు ఇంకా పుట్టవలసే ఉంది. డబ్బు ఇవ్వలేనిచోట బిరుదులిస్తారు. అప్రైజల్‌లో "టీమ్‌కి అమ్మలాంటిది" అని రాస్తారు. మీటింగు మినిట్స్ రాసేది, పుట్టినరోజు కేకు తెప్పించేది, పండక్కి ముగ్గేసేది ఆ అమ్మే. ఇక 2017లో ప్రసూతి సెలవు 12 వారాల నుంచి 26 వారాలకు పెరిగిన దగ్గర్నుంచీ, ఇంటర్వ్యూల్లో "పెళ్లెప్పుడమ్మా?" అనే కుశల ప్రశ్నలో ప్రేమ మరీ పొంగిపోతోంది.

చట్టాలు రాసినవాళ్లకే ఈ సూక్ష్మం తెలియలేదు. సమాన పనికి సమాన వేతనమని రాజ్యాంగం 39వ అధికరణంలో రాశారు. 1976లో దానికో చట్టం చేశారు. ఇప్పుడు దాన్ని 2019 నాటి వేతనాల కోడ్‌లో కలిపారు. ఇన్నిసార్లు రాసి కూడా "అడిగినవారికి మాత్రమే" అనే షరతు పెట్టడం మరిచిపోయారు. మెకినన్ మెకంజీ అనే ఓడల కంపెనీ లేడీ స్టెనోగ్రాఫర్లకు మగవాళ్ల కంటే తక్కువ ఇస్తుంటే, ఆడ్రీ డికోస్టా అనే స్టెనోగ్రాఫర్ కోర్టుకెక్కారు. డబ్బు ఇచ్చుకునే స్తోమత కంపెనీకి లేకపోయినా చట్టం వర్తిస్తుందని 1987లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆవిడ కూర్చునే తీరు నిటారుగా ఉందా లేదా అన్నది మాత్రం కోర్టువారు విచారించలేదు. ఎంత పొరపాటు!

అందుచేత నాదొక సవినయ ప్రతిపాదన. ఈ ఏడు తరగతి తెల్లవారుజామున హార్బర్‌లోనే పెట్టండి. గురువులు చేపలమ్మే ఆడవాళ్లు, విద్యార్థులు హెచ్‌ఆర్ వారు. పాఠం ఒక్కటే: రేటు పైకి చెప్పడం. షూలు తడుస్తాయి, వాసన అలవాటైపోతుంది. చిక్కల్లా ఫీజు దగ్గర వస్తుంది. ఎంత తీసుకుంటారని అడగ్గానే ఏ గురువుగారో గంప దించకుండానే అంటుంది: "ముందు పోయినేడు హోటల్లో సెప్పిన మాస్టారికి ఎంతిచ్చినారో అది సెప్పండి బాబూ."