98 శాతం మేధావులు, రెండు కొండల మధ్య సూర్యుడు

బాలల దినోత్సవం దగ్గరపడితే చాలు, మా వాట్సాప్ గ్రూపుల్లోకి ఆ మెసేజ్ మళ్లీ దిగుతుంది. సారాంశం ఇది: నాసా శాస్త్రవేత్తలు 1600 మంది పిల్లల్ని అయిదేళ్ల వయసులో పరీక్షిస్తే 98 శాతం మంది సృజనలో మేధావులని తేలింది. వాళ్లనే పదేళ్లప్పుడు చూస్తే 30 శాతం, పదిహేనేళ్లప్పుడు 12, పెద్దయ్యాక 2. అంటే బడే పిల్లల బుర్రల్ని తినేసింది. కాబట్టి సృజన నేర్పుతామని బయల్దేరకండి, పిల్లల్ని వదిలేయండి, చాలు. చివర్లో ఒక తోక: బడి మానేసి, చేనేతకు యంత్రం చేసి పద్మశ్రీ తెచ్చుకున్న చింతకింది మల్లేశమే ఇందుకు సాక్ష్యం.

ఈసారి ఒక తండ్రి ఫోన్‌లో అది చూపించి, "మరి శనివారం మధ్యాహ్నం డిజైన్ క్లాసని ఆ అట్టముక్కల గోలెందుకు సార్?" అన్నారు. వరండాలో నిలబడి రెండు నిమిషాల్లో చెప్పలేకపోయాను. ఆ జవాబే ఇది.

ముందు నాసా సంగతి తేలుద్దాం. ఆ అంకెలు జార్జ్ ల్యాండ్ అనే అమెరికన్‌వి. నాసా కోసం తానొక పరీక్ష తయారుచేశానని, అదే పరీక్షను 1968లో 1600 మంది పిల్లలకు పెట్టానని ఆయన చెప్పారు. బెత్ జార్మన్‌తో కలిసి 1992లో తెచ్చిన పుస్తకంలో రాశారు, 2011లో ఒక ప్రసంగంలో మళ్లీ చెప్పారు. ఆ ప్రసంగమే ముక్కలై ఇలా మన ఫోన్లలోకి వచ్చింది. పిల్లల్ని పరీక్షించింది నాసా కాదు. పైగా మెసేజ్‌లో ఒక వాక్యం ఎప్పుడూ జారిపోతుంది. 98, 30, 12 అన్నవి ఒకే పిల్లలవట. చివరి 2 శాతం మాత్రం వేరే 2,80,000 మంది పెద్దలది. ఆ పిల్లలు పెద్దయ్యాక వాళ్లను మళ్లీ కూర్చోబెట్టి తీసిన లెక్క కాదది. "వాళ్లనే పెద్దయ్యాక చూస్తే" అన్న మాట తర్వాత ఎవరో అతికించింది. ఒక బస్సు ఎక్కినవాళ్లను లెక్కపెట్టి, ఇంకో బస్సు దిగినవాళ్లతో పోల్చి, మధ్యలో మనుషులు మాయమయ్యారంటే ఎలా?

ఆ పరీక్ష దేన్ని కొలిచింది? ఒక వస్తువు చూసి, ఒక సమస్య విని, వీలైనన్ని కొత్త ఆలోచనలు చెప్పడాన్ని. గిల్‌ఫర్డ్ అనే మనస్తత్వవేత్త 1950 నుంచీ ఇలాంటివాటి మీద పనిచేశారు. ఇటుకతో ఏమేం చేయొచ్చో చెప్పమనే ప్రశ్న ఈ జాతిదే. అయిదేళ్ల పిల్లాణ్ణి గొడుగుతో ఏం చేయొచ్చని అడగండి. ఏనుగుకి టోపీ పెడతాననీ, చందమామని దాంట్లో పట్టుకొస్తాననీ అంటాడు. ముద్దుగా ఉంటుంది, నేనూ మురిసిపోతాను. పదిహేనేళ్లవాడు అదే ప్రశ్నకు నాలుగు జవాబులే చెప్తాడు, ఎందుకంటే ఆరింటిని మనసులోనే కొట్టేసుకుంటాడు. ఆ కొట్టేసుకోవడంలో భయం ఉండొచ్చు, తెలివీ ఉండొచ్చు. లెక్కపెట్టేవాడికి మాత్రం రెండూ ఒకటే, జవాబులు తగ్గాయి అంతే. కొత్తది తట్టడం సగం పని. తట్టినవాటిలో నిలబడేదేదో పట్టుకోవడం మిగతా సగం. డిజైన్ క్లాసులో ఎక్కువ సమయం ఈ రెండో సగానికే పోతుంది.

బడిని వెనకేసుకొస్తున్నానని అనుకోకండి. పిల్లల్లో ఈ ఆలోచనల జోరు నాలుగో తరగతి ప్రాంతంలో తగ్గుతోందని టోరెన్స్ అనే పరిశోధకుడు 1960ల్లోనే గమనించారు. గైడులో ఉన్న వాక్యం ఉన్నట్టు రాస్తేనే మార్కులేసే అలవాటు మాకుంది. నాకూ ఉండేది. కానీ "బడి పాడుచేస్తోంది" అన్న మాట నుంచి "నేర్పడమే వద్దు" అన్న మాటకి దూకడం ఎలా కుదురుతుంది? వంట మాడిందని పొయ్యి తీసేయమన్నట్టుంది.

ఇక అసలు వాదన: వదిలేస్తే చాలు.

వదిలేసి చూశాను. ఎనిమిదో తరగతిలో 34 మందికీ తెల్లకాగితాలిచ్చి, "మీ ఇష్టం, ఏదైనా వేయండి" అన్నాను. ఏం వచ్చిందో తెలుగునాట బడికెళ్లిన ఎవరైనా చెప్పేయగలరు. రెండు కొండలు, మధ్యలో సగం సూర్యుడు, కొండల్లోంచి మెలికలు తిరుగుతూ వచ్చే ఏరు, పక్కన పెంకుటిల్లు, ఇంటి మీదికి వంగిన కొబ్బరిచెట్టు, పైన టిక్కు మార్కుల్లాంటి పక్షులు. ఇరవైకి పైగా కాగితాల్లో ఇదే. మా ఊరు బల్లపరుపు నల్లరేగడి, కనుచూపు మేరలో ఒక్క కొండ లేదు. పూర్తి స్వేచ్ఛ ఇస్తే మనసు అలవాటైన బాటే పడుతుంది. పెద్దలూ అంతే. 1991లో జాన్సన్, స్మిత్ అనే ఇద్దరు పరిశోధకులు ఇంజినీరింగ్ విద్యార్థులకు ఒలకని కాఫీ కప్పు డిజైన్ చేయమన్నారు. స్ట్రా వాడొద్దని స్పష్టంగా చెప్పి, కొందరికి మాత్రం స్ట్రా ఉన్న నమూనా బొమ్మ చూపించారు. చూసినవాళ్లు వద్దన్నా స్ట్రా పెట్టేశారు! అది చదివాకే క్లాసులో ముందుగా నమూనా చూపించడం మానేశాను.

మరుసటి శనివారం స్వేచ్ఛ తీసేశాను. మనిషికో పాత దినపత్రిక. కత్తెర లేదు, జిగురు లేదు, దారం లేదు. నేల నుంచి జానెడు ఎత్తున సోషల్ పాఠ్యపుస్తకం నిలబడాలి. ఇది నా తెలివేం కాదు. జర్మనీలో బౌహౌస్ అనే డిజైన్ బడిలో యోసెఫ్ ఆల్బర్స్ 1920ల్లోనే విద్యార్థులకు వార్తాపత్రికలు పంచి, వృథా చేయకుండా కాగితం స్వభావం తెలిసేలా ఏదైనా చేయమనేవారు. మా క్లాసులో మొదటి పావుగంట గొణుగుళ్లే. తర్వాత ఒకడు కాగితాన్ని గొట్టాలుగా చుట్టాడు. చుట్టు విడిపోతుంటే కొసను లోపలికి దోపాడు. ఒకమ్మాయి విసనకర్రలా మడతలు పెట్టి గుండ్రంగా నిలబెట్టింది, అచ్చం తాటాకు మడతే. ఇంకొకడు ఉండలు చేసి గుట్ట పోశాడు. పుస్తకం దొర్లిపోయింది, వాడూ నవ్వాడు. గంట కొట్టేసరికి బల్లల మీద పది పన్నెండు రకాల నిర్మాణాలున్నాయి. రెండు కొండలేసిన పిల్లలే వీళ్లు.

మల్లేశం గారి సంగతికొద్దాం. బడి మానేశారన్నది నిజం, ఆరో తరగతితోనే. అయితే అది ఆయన కోరుకున్న స్వేచ్ఛ కాదు, ఇంట్లో గడవక మానేశారు. పోచంపల్లి చీరకు ఆసు పోయాలంటే, అంటే నేతకు ముందు దారాన్ని మేకుల చుట్టూ పేర్చాలంటే, చీరకోసారి దాదాపు 9,000 సార్లు చెయ్యి అటూ ఇటూ తిప్పాలి. అమ్మ లక్ష్మి గారి భుజాల నొప్పి చూసి 1992లో ఆ పని చేసే యంత్రం మొదలుపెట్టారు. పూర్తయింది 1999లో. ఏడేళ్లు! డబ్బు చాలక ఆపారు, ఊళ్లోవాళ్లు నవ్వారు, ఒక్కో భాగమూ చేసి, విరిగితే మళ్లీ చేశారు. ఆఖరి చిక్కు హైదరాబాద్‌లో పని చేసుకుంటూ వేరే యంత్రంలో చూసిన కదలికతో వీడింది. నొప్పి ఎక్కడుందో దగ్గర్నుంచి చూడటం, చేసి చూడటం, చెడితే మళ్లీ చేయడం, ఇంకోచోట చూసినదాన్ని ఇక్కడ వాడటం: డిజైన్ పాఠంలో ఉండేవి ఈ నాలుగే. ఆయన ఒంటరిగా, ఏడేళ్లు నలిగి నేర్చుకున్నదాన్ని పిల్లలకు పదమూడేళ్లకే కాస్త రుచి చూపించమంటుంటే, ఆయన పేరే చెప్పి వద్దనడం ఆయనకు గౌరవమా?

పనిలో పనిగా, ఈ మెసేజ్ వెనక ఇంకో నమ్మకం ఉంది: సృజన అంటే ఒక్కడి బుర్రలో వెలిగే మెరుపని. చార్లెస్, రే ఈమ్స్ అనే అమెరికన్ డిజైనర్ దంపతులు 1958లో భారత ప్రభుత్వానికి ఒక నివేదిక రాశారు. అహ్మదాబాద్‌లో 1961లో జాతీయ డిజైన్ విద్యాసంస్థ ఎన్ఐడీ పుట్టడానికి అదే పునాది. అందులో వాళ్లు అన్నిటికంటే మెచ్చుకున్న వస్తువు మన చెంబు. దాన్ని ఏ ఒక్కరూ డిజైన్ చేయలేదు, తరాలు తరాలుగా ఎందరో చేశారన్నారు. అది చదివి పిల్లల చేత ఇళ్ల నుంచి చెంబులు తెప్పించాను. మెడ ఎందుకు సన్నగా ఉంది? వేళ్లు అక్కడ బిగుస్తాయి, బావిలోకి దించేటప్పుడు తాడు ఉచ్చూ అక్కడే పడుతుంది. అంచు బయటికి ఎందుకు వంగింది? నిటారు అంచున్న డబ్బాతో పోసి చూశారు. నీళ్లు గోడ పట్టుకుని కిందికి కారాయి. ప్లాస్టిక్ మగ్గుతో పోలిస్తే ఏం పోయింది, ఏం కలిసొచ్చింది? "మగ్గు పడితే మోగదు సార్, తెల్లారుజామున ఎవరూ లేవరు" అంది ఒక పిల్ల. నలభై నిమిషాలు ఒక్క చెంబు మీద నడిచింది.

ఖర్చు సంగతి చెప్పి వదిలేస్తాను. ఇవన్నీ ల్యాబులున్న పెద్ద బళ్లకే అంటారు. పిల్లలు పరికరాలతో చేసి చూసే అటల్ టింకరింగ్ ల్యాబు బడిలో పెట్టుకోవడానికి కేంద్రం 20 లక్షల దాకా ఇస్తూ వచ్చింది. వస్తే మంచిదే, తాళం తీసి ఉంచితే ఇంకా మంచిది. కానీ పారేసే వస్తువులతో బొమ్మలు చేసి సైన్స్ చెప్పే అరవింద్ గుప్తా అగ్గిపుల్లలతో, సైకిల్ వాల్వ్ ట్యూబు ముక్కలతో జ్యామితి నేర్పించి దశాబ్దాలైంది.

చివరిది: "సృజనకు మార్కులేంటి?" వేయొచ్చు, వస్తువుకు వేయకపోతే సరి. మధ్యాహ్న భోజనమయ్యాక పళ్లేలు కడిగే చోట తోపులాట తగ్గించాలని పోయిన టర్మ్‌లో పని పెట్టాను. అందరూ మొదట అన్నది కుళాయిలు పెంచాలని. వాచీ పెట్టి చూడమన్నాను. కడగడానికి పట్టేది తక్కువే. మిగిలిన అన్నం, కరివేపాకు కాలవకు అడ్డంపడి నీళ్లు నిలుస్తున్నాయి, చెప్పులు తడుస్తాయని అందరూ ఒకే కుళాయి వైపు జరుగుతున్నారు. ఒక జట్టు మిగిలిన అన్నానికి బకెట్ పెట్టింది. మొదట కుళాయి పక్కనే పెట్టారు, దారికి అడ్డమైంది. వేపచెట్టు కిందికి మార్చారు, కుక్క దొర్లించింది. చెట్టుకు కట్టారు, ఒకటో తరగతి పిల్లలకు అందలేదు. ఈ మూడూ నోట్‌బుక్కులో బొమ్మలతో, తేదీలతో, ఎందుకు కొట్టేశారో ఒక్కో ముక్కతో ఉన్నాయి. మార్కులు ఆ కొట్టివేతలకు వేశాను. ఇప్పుడు బకెట్ రెండు ఇటుకల మధ్య ఇరుక్కుని ఉంది. మూత పెట్టాలా వద్దా అని తగాదా నడుస్తోంది, పెడితే పిల్లలు దాన్ని తియ్యరని ఒక జట్టు, పెట్టకపోతే ఈగలని ఇంకో జట్టు.