గాలి ఆగిందని బయటికి రావద్దు

తుపాను ఉత్తరాంధ్ర తీరం వైపు వస్తోందన్న ఈ వార్తలో గాలి వేగం, వర్షం, మత్స్యకారులకు హెచ్చరిక అన్నీ రాశారు. తుపాను కన్ను, అంటే తుపాను నడిమధ్యన గాలి దాదాపు ఆగిపోయి ఉండే భాగం, సంగతి మాత్రం రాయలేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను కన్ను మా విశాఖ మీదుగానే వెళ్లింది. పొద్దుటి నుంచి హోరెత్తిన గాలి మధ్యాహ్నం ఒక్కసారిగా ఆగిపోయింది. హమ్మయ్య అనుకుని వీధిలో అందరూ బయటికి వచ్చారు. పక్కింటి మామ్మగారైతే డాబా మీద నిలిచిన నీళ్లు ఊడ్చాలని చీపురు పట్టుకుని మెట్లెక్కారు. మా నాన్నగారు కేకలేసి, చెయ్యి పట్టుకుని కిందికి తీసుకొచ్చారు. ఆ తర్వాత ఎంతోసేపు పట్టలేదు, గాలి ఎదురు దిక్కు నుంచి విరుచుకుపడింది. పొద్దున ఒరిగి నిలబడ్డ వేపచెట్టు ఈసారి రెండో వైపుకు కూలి సరిగ్గా ఆ మెట్ల మీదే పడింది.

మన దగ్గర తుపాను గాలి కేంద్రం చుట్టూ గడియారం ముల్లుకు ఎదురుగా తిరుగుతుంది. అందుకే కన్ను దాటగానే దిశ మారిపోతుంది. మొదటి దెబ్బకు వదులైన రేకులు, హోర్డింగులు, కొమ్మలు రెండో దెబ్బకు ఎగిరిపోతాయి.

ఇంకో భయం కొండవాలు ఇళ్లది. వాన తగ్గినా నానిన మట్టి, బండరాళ్లు జారుతూనే ఉంటాయి. గెడ్డల (వాగుల) పక్కన ఉన్నవాళ్లను కూడా రాత్రి పడకముందే తరలించాలి, చీకట్లో ఆ పని కాదు. దయచేసి రేపటి వార్తలో కన్ను గురించి పెద్ద అక్షరాల్లో వేయండి.