జీరో నొక్కే ముందు ఒకసారి బెల్ట్ వెంట నడవండి

బొగ్గు లెక్క తేలనప్పుడల్లా మన ప్లాంట్లలో మొదటి నింద, కన్వేయర్ మీద వెళ్తున్న బొగ్గును తూచే బెల్ట్ స్కేల్ మీద, అందులో బరువు కొలిచే లోడ్ సెల్ మీద పడుతుంది. వ్యాగన్లలో వచ్చిన సరుకుకూ బంకర్లకు (బొగ్గు నిల్వ తొట్లకు) ఎక్కిన సరుకుకూ పొంతన కుదరలేదని మీటింగులో తేలగానే ఇన్‌స్ట్రుమెంటేషన్ వాళ్లకు ఫోను వెళ్తుంది. వాళ్లు వచ్చి క్యాలిబ్రేషన్ చేసి వెళ్తారు, నాలుగు రోజులకు అంకె మళ్లీ దారి తప్పుతుంది, మళ్లీ ఫోను వెళ్తుంది. థర్మల్ స్టేషన్లలోనైనా, సిమెంట్ ఫ్యాక్టరీల్లోనైనా కన్వేయర్ల మీద పనిచేసేవాళ్లకు ఈ వరస కొత్త కాదు. కోల్ హ్యాండ్లింగ్ మెయింటెనెన్స్‌లో ఉన్నవాడిగా నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఒక్కటే. బెల్ట్ స్కేల్ తూచేది కన్వేయర్ సాయంతోనే కాబట్టి, కన్వేయర్ ఎలా ఉందో చూడకుండా స్కేల్ ఒక్కదాన్నే సరిచేయడమంటే తప్పును అంకెల వెనక దాచిపెట్టడమే.

లెక్క చాలా చిన్నది. తూచే రోలర్ల మీద పడే బరువును లోడ్ సెల్ కొలుస్తుంది, టెయిల్ పుల్లీకో (బెల్ట్ వెనక చివరి డ్రమ్ముకో) కిందివైపు బెల్ట్‌కు ఆనే చక్రానికో బిగించిన స్పీడ్ సెన్సర్ వేగాన్ని చెబుతుంది, మీటరుకు ఇన్ని కిలోలన్న దాన్ని సెకనుకు ఇన్ని మీటర్లతో గుణించి ఇంటిగ్రేటర్ అనే లెక్కించే పరికరం టన్నులు కూడుకుంటూ పోతుంది. సెకనుకు 2.5 మీటర్ల వేగంతో గంటకు 1000 టన్నులు మోసే బెల్ట్ మీద మీటరుకు దాదాపు 111 కిలోల బొగ్గు ఉంటుంది. ఇప్పుడు ఒక మీటరు పొడవు తూచే స్కేల్ ఫ్రేమ్ మీద తడి బొగ్గు పొడి ఒక్క కిలో పేరుకుందనుకోండి. ఆ కిలోను ఇంటిగ్రేటర్ ప్రతి మీటరుకూ కలుపుకుంటుంది కాబట్టి సెకనుకు 2.5 కిలోలు, గంటకు 9 టన్నులు, లేని బొగ్గు లెక్కకెక్కుతుంది. 16 గంటలు నడిచిన రోజున అది 144 టన్నులు, అంటే సుమారు రెండు వ్యాగన్ల సరుకు. ఇది 0.5 శాతం లోపు తేడాతో తూచాలని డబ్బు పోసి కొన్న స్కేల్ పరిస్థితి.

వానాకాలంలో బెల్ట్ ఆపించి, స్కేల్ పక్కన మోకాళ్ల మీద కూర్చుని టార్చి వేసి చూడండి. తూచే ఫ్రేమ్‌కూ స్ట్రింగర్‌కూ (కన్వేయర్ పక్కనుండే ఇనుప దూలానికీ) మధ్య వేలు పట్టేంత సందు ఉంటుంది. సరుకు పక్కలకు చిందకుండా ఆపే స్కర్ట్ రబ్బర్ అరిగిన చోట జారిన పొడి ఆ సందులో చేరి, తడిసి, ఆరి, గట్టిపడి, ఫ్రేమ్‌ను స్ట్రింగర్‌కు అతికించినంత పని చేస్తుంది. గోళీకాయంత పెళ్ల ఇరుక్కున్నా చాలు, లోడ్ సెల్ మీద పడాల్సిన బరువులో కొంత ఆ పెళ్ల మోసేస్తుంది, అంకె తగ్గుతుంది. అదే పొడి ఫ్రేమ్ పైన చేరితే అంకెను పెంచుతుంది, పక్క సందులో చేరితే తగ్గిస్తుంది, రెండూ కలిసి జరిగితే కంట్రోల్ రూములో కూర్చున్నవాళ్లకు ఏమీ అర్థం కాదు. దీనికి మందు ఇంటిగ్రేటర్ మెనూలో దొరకదు. స్కర్ట్ రబ్బర్ మార్చాలి, హెడ్ (బెల్ట్ ముందు చివర) దగ్గర బెల్ట్‌కు అంటిన బొగ్గును గీకే స్క్రేపర్ బ్లేడ్ సరిగా ఆనేలా బిగించాలి, స్కేల్ చుట్టూ శుభ్రం చేయడం ఎవరి పనో పేరు రాసి పెట్టాలి.

తూచే రోలర్లకు ముందూ వెనకా ఉండే రెండు మూడు ఐడ్లర్లను (బెల్ట్‌ను మోసే రోలర్ల వరసలను) కూడా స్కేల్‌లో భాగంగానే చూడాలి. వాటన్నిటి మీదుగా సన్నని తీగ లాగి బిగించి చూస్తే ఎక్కడా ఒక మిల్లీమీటరు తేడా కూడా రాకూడదు. అయితే బేరింగ్ పోయిన రోలర్ స్థానంలో, రాత్రి షిఫ్టులో స్టోర్స్‌లో ఏది దొరికితే అది వేసి బెల్ట్ నడిపేస్తారు. తూచే చోట వేసిన ఆ కొత్త రోలర్ పక్కవాటి కంటే ఎత్తుగా ఉంటే బెల్ట్ బిగువులో కొంత దాని మీదే భారంగా పడుతుంది, ఆ భారాన్ని లోడ్ సెల్ బొగ్గు బరువని నమ్ముతుంది. బెల్ట్‌ను బిగువుగా ఉంచే కౌంటర్ వెయిట్ దాని గైడుల్లో పట్టేసినప్పుడు బిగువు మారి ఈ తప్పు ఇంకా పెరుగుతుంది. వేగం సంగతి కూడా ఇంతే. 300 మిల్లీమీటర్ల చక్రం చుట్టూ 3 మిల్లీమీటర్ల మందాన బొగ్గు బురద అంటుకుంటే వ్యాసం 306 అవుతుంది, చక్రం తిరగాల్సిన దానికంటే తక్కువ చుట్లు తిరుగుతుంది, వేగంలోనే సుమారు 2 శాతం మాయమవుతుంది.

నాకు అన్నిటికన్నా ఎక్కువ బాధ కలిగించేది జీరో తీసే తీరు, అంటే ఖాళీ బెల్ట్ నడుస్తుండగా స్కేల్ సున్నా చూపేలా సరిచేసే తీరు. జాయింట్ల దగ్గరా, అతుకుల దగ్గరా బెల్ట్ బరువు వేరుగా ఉంటుంది కాబట్టి, ఖాళీ బెల్ట్‌ను కాసేపు నడిపి, ఆ తర్వాత పూర్తి చుట్లు లెక్కపెట్టి జీరో తీయాలి. చాలాచోట్ల తొందరలో అంత ఓపిక పట్టరు. అంతకన్నా పెద్ద నష్టం పాత జీరో విలువ రాసుకోకుండా కొత్తది నొక్కేయడం. జీరో రోజురోజుకూ కొద్దికొద్దిగా పైకి జరుగుతుంటే ఎక్కడో పొడి పేరుకుంటున్నట్టు, ఒక్కసారిగా మారిపోతే ఏదో ఇరుక్కున్నట్టు లేదా ఎవరో రోలర్ మార్చినట్టు, నెలల తరబడి మెల్లగా కిందికి దిగుతుంటే బెల్ట్ రబ్బరు అరుగుతున్నట్టు అనుమానించవచ్చు. ఇంత సమాచారం ఉచితంగా ఇచ్చే అంకెను మనం చెరిపేసుకుంటున్నాం. స్కేల్ దగ్గర ఒక రిజిస్టరు పెట్టి, నొక్కే ముందు విలువ, నొక్కిన తర్వాత విలువ, ఆ రోజు కన్వేయర్ మీద జరిగిన పని రాస్తే సగం గొడవలు మీటింగు దాకా రావు.

టెస్ట్ వెయిట్లు వేలాడదీసి అంకె సరిపోయిందంటే లోడ్ సెల్, ఎలక్ట్రానిక్స్ బాగున్నాయని మాత్రమే అర్థం. నిండు లోడుతో బెల్ట్ బిగువు ఎలా మారుతుందో ఆ బరువులకు తెలియదు. నమ్మదగిన పరీక్ష, సరిచూసిన వేబ్రిడ్జి మీద తూచిన బొగ్గునే బెల్ట్ మీద నడిపి పోల్చడం. లారీలు, మనుషులు, సమయం కావాలి కాబట్టి దాన్ని ఏటా వాయిదా వేస్తారు.

ఇక జీరో త్వరగా కావాలన్న ఒత్తిడిలో, నడుస్తున్న బెల్ట్ కింద ఇనుప చువ్వతో బురద గీకమని కాంట్రాక్ట్ కార్మికుణ్ణి పంపడం గురించి. ఇది నేరం. సెకనుకు 2.5 మీటర్ల వేగమంటే, చువ్వ వదిలేయాలని తట్టే అర సెకనులో బెల్ట్ మీటరుకు పైగా లాగేస్తుంది. కదిలే యంత్రం దగ్గర తనిఖీ తప్పనిసరైతే, ప్రత్యేక శిక్షణ పొందిన పెద్దవాడే, యాజమాన్యం ఇచ్చిన బిగుతు దుస్తులతో చేయాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 22వ సెక్షన్‌లో అప్పట్లోనే రాశారు. లుంగీతో, మెడలో తువ్వాలుతో మనిషిని పంపేవాళ్లకు ఏ సాకూ లేదు. పుల్‌కార్డ్ (అత్యవసరంగా బెల్ట్ ఆపే తాడు) లాగి బెల్ట్ ఆపితే లైన్ క్లియర్ (కరెంటు తీసి పని చేయడానికి ఇచ్చే అనుమతి) తీసుకున్నట్టు కాదు. కరెంటు తీసి తాళం వేసిన తర్వాత కూడా కౌంటర్ వెయిట్ బెల్ట్‌ను లాగుతూనే ఉంటుంది, వాలు బెల్ట్ మీద సరుకుంటే అది వెనక్కి జారవచ్చు. అందుకే సరుకు దించాకే, కౌంటర్ వెయిట్ కట్టాకే చెయ్యి లోపల పెట్టాలి.

రోలరు మెకానికల్ వాళ్లది, లోడ్ సెల్ ఇన్‌స్ట్రుమెంటేషన్ వాళ్లది, శుభ్రం చేయడం కాంట్రాక్టరుది అన్న విభజనలో బెల్ట్ స్కేల్‌కు దిక్కు లేకుండా పోయింది. నేను కోరేది నెలకొకసారి ముగ్గురికీ కలిపి ఒకే పర్మిట్, ఒకే షీటు. ముందు బెల్ట్ వెంట నడక, తర్వాత తీగ లాగి చూడడం, ఆ తర్వాతే జీరో. ఏదీ ముట్టుకోకముందు స్కేల్ ఎంత చూపిందో షీటు మొదటి వరసలో, ముగ్గురి సంతకాలు కింద. ఈ వానలు మొదలయ్యేలోపు మా సెక్షన్‌లో అమలు చేయాలని రాతపూర్వకంగా అడిగాను. మీ ప్లాంటులో ఇలా కలిసి చేసే పద్ధతి ఇప్పటికే ఉంటే, షట్‌డౌన్ సమయం ఎలా సంపాదిస్తున్నారో దయచేసి రాయండి, మా వాళ్లు ముందు అడిగేది అదే.