ఘాజీని ముంచింది ఎస్21 కాదు

ప్రతి డిసెంబర్‌లోనూ వాట్సాప్‌లో ఈ మాట తిరుగుతూనే ఉంటుంది: "ఘాజీ సినిమా నూటికి నూరుపాళ్లు జరిగిన కథ. మన ఎస్21 సబ్‌మెరైన్ సముద్రం అడుగున పోరాడి పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీని ముంచేసింది. నేవీ డే దాని గుర్తుగానే." 2017లో వచ్చిన ఆ సినిమా నాకు చాలా ఇష్టం. ఆ టెన్షన్‌కి ఊపిరి బిగబట్టి చూశాను. కానీ ఈ మాట తప్పు.

ముందు ఎస్21 సంగతి. ఆ నంబరుతో నిజంగానే మనకో సబ్‌మెరైన్ ఉండేది, ఐఎన్ఎస్ కరంజ్. 1971 యుద్ధంలో అది అరేబియా సముద్రంలో గస్తీ తిరిగింది. విశాఖ దరిదాపుల్లో లేదు. దాని కెప్టెన్ వి.ఎస్. షెకావత్‌కు వీర చక్ర వచ్చింది, తర్వాత ఆయన నేవీ చీఫ్ కూడా అయ్యారు.

మరి ముంచిందెవరు? ఐఎన్ఎస్ రాజ్‌పుత్ అంటుంది మన నేవీ. అది నీటి మీద తిరిగే డిస్ట్రాయర్, రెండో ప్రపంచ యుద్ధం నాటి పాత ఓడ. డిసెంబర్ 3 అర్ధరాత్రి విశాఖ హార్బర్ దాటుతుండగా నీళ్లలో అలజడి కనిపించి డెప్త్ చార్జీలు, అంటే నీటి అడుగున పేలే బాంబులు, వదిలింది. ఘాజీ తాను నీళ్లలో పరిచిన మైన్లకే (మందుపాతరలకే) బలైందని పాకిస్తాన్ అంటుంది. లోపలే ఏదో పేలిందనే వాళ్లు మన దేశంలోనూ ఉన్నారు. ఆ వాదన ఇంకా తెగలేదు. అయితే వీటిలో దేన్ని నమ్మినా మన సబ్‌మెరైన్ ప్రసక్తే రాదు.

నా బాధ అసలు కథ మరుగున పడుతోందని. ఘాజీ వచ్చింది మన విమాన వాహక నౌక విక్రాంత్ కోసం. తూర్పు నౌకాదళ అధిపతి వైస్ అడ్మిరల్ కృష్ణన్ విక్రాంత్‌ను అప్పటికే అండమాన్ వైపు పంపేశారు. అది విశాఖలోనే ఉందని నమ్మించడానికి రాజ్‌పుత్ చేత విక్రాంత్ పేరుతో వైర్‌లెస్ సందేశాలు పంపించారు. ఊళ్లో పెద్ద ఓడకు సరిపడా సరుకులు ఆర్డర్ పెట్టించారు. విక్రాంత్ నావికుడెవరో జబ్బుపడ్డ తల్లి క్షేమం అడుగుతున్నట్టు మామూలు టెలిగ్రాం ఒకటి వెళ్లింది, ఎవరైనా చదవొచ్చన్నట్టుగా. శత్రువును విశాఖ దాకా రప్పించడానికి ఓ తల్లి జబ్బును వాడుకున్నారు! అంత ఆలోచన చేసిన మనుషులను పక్కనబెట్టి, లేని టార్పెడోకి చప్పట్లు కొడుతున్నాం.

ఇక నీటి అడుగున ముఖాముఖి పోరు. మునిగి ఉన్న సబ్‌మెరైన్ మునిగి ఉన్న ఇంకో సబ్‌మెరైన్‌ను యుద్ధంలో ముంచినట్టు ధ్రువపడిన సంఘటన ఒక్కటే ఉంది. 1945 ఫిబ్రవరి 9న నార్వే దగ్గర బ్రిటన్ వెంచరర్ జర్మనీ యూ-864ను ముంచింది. అదీ గంటల తరబడి చప్పుడు వింటూ వెంటాడి, లెక్కలు కట్టి, నాలుగు టార్పెడోలు వదిలితే. అది ఎంత కష్టమో విశాఖ బీచ్‌లో మ్యూజియంగా ఉన్న కుర్సురా సబ్‌మెరైన్ ఎక్కితే కొంత తెలుస్తుంది. అది కరంజ్ రకందే. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి గుండ్రటి కంతలోంచి, ముందు కాలు పెట్టి, తల వంచి దూరాలి. బయటికి చూడ్డానికి కిటికీ అన్నదే లేదు.

నేవీ డేకీ ఘాజీకీ సంబంధం లేదు. డిసెంబర్ 4న కరాచీ మీద మన మిసైల్ బోట్లు చేసిన దాడికి గుర్తు అది.

ఘాజీలో ఉన్న 90 మందికి పైగా నావికుల్లో ఒక్కరూ బతకలేదు. సముద్రంలో తేలుతున్న లైఫ్ జాకెట్‌ను తెచ్చి నేవీకి అప్పగించింది జాలర్లు.